కొట్టు పుస్తకం

వీశెలు పోయి కిలోలు వచ్చిన ఏడాది
మల్కాపురంలో నాన్న కొట్టు పెట్టాడు.
తాటాకు పందిరి, నీలం తలుపు,
ముద్ర ఆరని కొత్త ఇనపరాళ్ళు.
అరవీశె బెల్లం అడిగితే ముప్పావు కిలో కట్టేసి
ఎక్కువెళ్ళిపోయిందని రాత్రంతా నిద్రపోయేవాడు కాదు.

నాన్నకి చదువు లేదు.
ఐదో తరగతి నేను, అరువుల పుస్తకం నాది.
ఉప్పుగాలికి చెమర్చిన కాగితం మీద
పెన్సిలు జారిపోయేది.
పేరేం రాయమంటావని అడిగితే
"ఎవుల పేరు తెలుసే నాకు?
ఎలాగున్నాడో అలాగ రాసీ" అనేవాడు.

నిజమే. మొన్నటిదాకా అది జీడితోట.
పాలకొండ నుంచి కొందరు, బరంపురం నుంచి కొందరు,
వెల్డింగు పనికని ఎక్కడో అరవదేశం నుంచి కొందరు.
ఎవరి తాత ఎవరో చెప్పడానికి
అక్కడ ఎవరికీ తాత లేడు.

అందుకని అలాగే రాశాను:
కొళాయి పక్కావిడ, కిరసనాయిలు ఒక సీసా.
మూడో లైను కవలలమ్మ, గంజికి నూకలు.
నవ్వని గుమస్తా, తలనొప్పి మాత్రలు రెండు.
గొడుగు మరిచిపోయినాయన, తొమ్మిది కొత్తపైసలు.
(గొడుగు దూలానికే వేలాడుతోంది.)

రెండు సైరన్లాయన.

మొదటి సైరన్‌కి మా కొట్టు ముందు,
రెండోదానికి షిప్పుయార్డు గేటు లోపల.
ఆ మధ్యలో ఒక బీడీకట్ట, ఒక బెల్లమ్ముక్క.
రివెట్ల మోతకి చెవులు పోయాయి కాబోలు,
ఎంత బాకీయో వేళ్ళు చూపించి చెప్పేదాన్ని.
తనూ వేళ్ళతోనే జవాబు చెప్పేవాడు,
ఏడో తారీకని.
ఏడుకి ఏడు వేళ్ళు చాలు కదా,
ఆయన పదీ చూపించి మూడు ముడిచేవాడు.
నాకు భలే నవ్వొచ్చేది.

ఒక ఏడో తారీకు రాలేదు.
ఆ తర్వాతదీ దాటిపోయింది.
"ఎగ్గొట్టీసినాడేటి?" అన్నాడు నాన్న.
అమ్మ చేటలో రాళ్ళేరుతూ ఏమీ అనలేదు.
రాత్రి నూనె కంపెనీ మంట ఆకాశాన్ని ఎర్రగా చేస్తే
దీపం ఖర్చు లేకుండా ఆ వెలుగులోనే
కూడికలు మళ్ళీ వేశాను.
పదకొండు రూపాయల నలభై.

ఓ మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది,
చీపురుపల్లి నుంచి, కొంగున ముడితో.
"రౌతు తవిటయ్య బాకీ ఎంతుందో సెప్పండి బాబూ."
పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిప్పాను.
ఆ పేరుతో ఎవరూ లేరన్నాను.
"ఈ కొట్టే. నీలం తలుపు.
రాసే గుంట ఒకర్తి ఉంటాదని సెప్పినాడు."

ఏం కొనేవాడని అడిగాను.
"ఏటి కొంతాడమ్మా,
బీడీలు... బెల్లమ్ముక్క.
ఎనక్కాల్నుంచి పిలిస్తే ఇనబడదు ఆడికి."

నాన్న ఆమె మెడ కేసి చూసి
తూకపు రాళ్ళు సర్దడం మొదలెట్టాడు.
ఎలా జరిగిందని ఎవరం అడగలేదు.
ముడి విప్పి లెక్కపెట్టింది.
తగ్గించమనలేదు. తగ్గిస్తానన్నా వినలేదు.
ఆ డబ్బులకి పసుపు వాసన.

"ముందు పేరు రాయి" అన్నాడు నాన్న.
"రాసి, అప్పుడు కొట్టీ."
రాశాను, రెండు సైరన్లాయన పక్కన,
ఒత్తు తప్పకుండా, చూచిరాతలా.
ఆవిడ వంగి వేలు పెట్టింది: "ఇదేనా?"
అవునన్నాను.
కొట్టెయ్యలేకపోయాను.
నాన్న ఇటు చూడలేదు.
చూసినా చదవలేడు కదా.

మర్నాటి నుంచి అరువడిగిన ప్రతివాళ్ళనీ
"పేరేటి బాబూ?" అని అడగడం మొదలెట్టాడు.
కొందరు అనుమానంగా చూశారు.
కవలలమ్మ పేరు చిలకమ్మ.
నవ్వని గుమస్తా
తనది హాస్యేశ్వరరావని చెప్పి
తనే మొదట నవ్వాడు.

గొడుగాయన మాత్రం మళ్ళీ రాలేదు.
వానాకాలాలు రెండు చూశాం.
తొమ్మిది పైసలూ అలాగే ఉన్నాయి,
పక్కన పేరుకి చోటు వదిలిపెట్టి.